బంతాట రోజుల్లో బెర్లిన్



2024 జూన్ 14 నుంచి జూలై 14 వరకు జర్మనీలో యూరోపియన్ ఫుట్‌బాల్ చాంపియన్‌షిప్ పోటీలు జరిగాయి. 24 దేశాల జట్లు, 10 నగరాలు, 51 మ్యాచ్‌లు. అక్కడ రాత్రి తొమ్మిదింటికి మొదలయ్యే ఆట మనకు పన్నెండున్నరకు వచ్చేది. నిద్ర మానుకుని టీవీల ముందు కూర్చున్న కుర్రకారు మీ ఇళ్లలోనూ ఉండే ఉంటారు. అయితే టీవీలో కనిపించేది మైదానం ఒక్కటే. ఆ మైదానం ఉన్న ఊరు ఎలాంటిది? చేతిలో మ్యాచ్ టికెట్టు లేకుండా, జేబులో పెద్దగా డబ్బు లేకుండా ఒక యువకుడో యువతో అలాంటి రోజుల్లో అక్కడికి వెళితే ఏం చూడవచ్చు? ఈనాటి ప్రసంగం దాని గురించి. ఊరు బెర్లిన్, జర్మనీ రాజధాని. ఫైనల్‌తో కలిపి ఆరు మ్యాచ్‌లు అక్కడే జరిగాయి.

బెర్లిన్‌నే ఎందుకు ఎంచుకున్నామంటే, అది ఇరవై ఎనిమిదేళ్లు నట్టనడుమ సరిహద్దు పెట్టుకుని బతికిన ఊరు. మీరు సరిహద్దు జిల్లాల వాళ్లు. ఇల్లు ఒక రాష్ట్రంలో, చేను ఇంకో రాష్ట్రంలో ఉండడం, పెళ్లి సంబంధానికి గీత దాటి వెళ్లి రావడం మీకు వింత కాదు. మన గీత మీదుగా బస్సులు నడుస్తాయి, అవతలి సంతకు ఇవతలివాళ్లు వెళతారు. బెర్లిన్ గీతకు తుపాకులు కాపలా కాశాయి. ఈ తేడా మనసులో పెట్టుకుని వినండి.

ముందు టికెట్టు సంగతి. బెర్లిన్ ఒలింపియా స్టేడియంలో పట్టేది సుమారు 70 వేల మంది. టికెట్లకు అర్జీ పెట్టుకున్నవాళ్లు దానికి ఎన్నో రెట్లు. కాబట్టి ఆ నెల రోజులూ బెర్లిన్ వీధుల్లో జట్ల చొక్కాలు తొడుక్కుని తిరిగినవారిలో స్టేడియం లోపలికి అడుగుపెట్టనివారే ఎక్కువ. వాళ్ల కోసం నగరం బ్రాండెన్‌బుర్గ్ ద్వారం ముందు, పార్లమెంటు భవనం ఎదుట పెద్ద తెరలు కట్టింది. ప్రవేశం ఉచితం. సంచీ సోదా చేసి లోపలికి పంపుతారు, ముందు వెళ్లినవాడికి మంచి చోటు దొరుకుతుంది. వీధిలో పెద్ద తెర కట్టి ఊరంతటినీ కూర్చోబెట్టే ఈ ఆనవాయితీ జర్మనీలో 2006 ప్రపంచ కప్పుతో బలపడింది. 2024లో ఇంకొంచెం ముందుకు వెళ్లి, ద్వారానికి పడమటి వైపు రోడ్డు మీద కృత్రిమ పచ్చిక పరిచి, ద్వారం ముందే బ్రహ్మాండమైన గోల్‌పోస్టు నిలబెట్టి, అందులో తెర అమర్చారు. ఆ పచ్చిక మీద చాప పరుచుకుని కూర్చున్న కుటుంబాలను చూస్తే మన తిరనాళ్లు గుర్తుకు రావలసిందే.

ఇప్పుడు ఆ చోటు ఏమిటో చూద్దాం. బ్రాండెన్‌బుర్గ్ ద్వారాన్ని 1791లో పూర్తి చేశారు. పైన నాలుగు గుర్రాల రథం ఉంటుంది. ఆ రథాన్ని నెపోలియన్ 1806లో పారిస్‌కు ఎత్తుకుపోతే 1814లో తిరిగి తెచ్చుకున్నారు. 1961 ఆగస్టు 13న తూర్పు జర్మనీ ప్రభుత్వం బెర్లిన్‌లో సరిహద్దు మూసేసి, మొదట ముళ్ల కంచె వేసి, తరవాత గోడ కట్టినప్పుడు, ఆ గోడ సరిగ్గా ఈ ద్వారానికి పడమటి పక్కగా వచ్చింది. ద్వారం ఎవరూ అడుగుపెట్టలేని నిషిద్ధ స్థలంలో పడింది. 1989 నవంబరు 9న గోడ తెరుచుకున్నా, ఈ ద్వారం గుండా రాకపోకలు మొదలైంది డిసెంబరు 22న. 2024లో గోల్‌పోస్టు నిలబెట్టింది దాదాపు ఆ గోడ నిలిచిన చోటనే. పచ్చిక పరిచిన వీధికి జూన్ 17 వీధి అని పేరు. 1953 జూన్ 17న తూర్పు బెర్లిన్ కార్మికులు తిరగబడితే సోవియట్ ట్యాంకులు వచ్చి అణచివేశాయి. ఆ తేదీ పేరే వీధికి పెట్టారు.

ఆ ద్వారానికి దక్షిణంగా నాలుగడుగులు వేస్తే 2,711 కాంక్రీటు దిమ్మెలు వరుసలుగా కనిపిస్తాయి. ఎత్తు పల్లాలుగా, అరుగుల్లా ఉంటాయి. ఎక్కి కూర్చుందామనీ, ఒకదాని మీంచి ఒకదానికి దూకుదామనీ ఆట ఉత్సాహంలో ఉన్న కుర్రవాళ్లకు అనిపిస్తుంది. అవి నాజీలు చంపిన యూరప్ యూదుల స్మారకం. 2005లో కట్టారు. ఎక్కవద్దు. దిమ్మెల మధ్య దారుల్లో నడవవచ్చు. లోపలికి పోయేకొద్దీ నేల కిందికి దిగి, దిమ్మెలు తలకు మించి లేస్తాయి. కింద ఉన్న ప్రదర్శనశాలకు కూడా రుసుము లేదు.

గోడ పోయినా దాని జాడను బెర్లిన్ చెరిపేసుకోలేదు. రోడ్ల మీద, కాలిబాటల మీద రెండు వరుసల రాతి బిళ్లలు నేలలో పొదిగి ఉంటాయి. అక్కడక్కడ ఇనుప పలక మీద ‘బెర్లిన్ గోడ 1961–1989’ అని జర్మన్‌లో రాసి ఉంటుంది. కార్లు దాని మీంచే పోతుంటాయి. కొత్తగా వచ్చినవాడు ఆ రాతి వరుసను పట్టుకుని ఒక పూట నడిస్తే చాలు, బస్సులో కూర్చుని ఊరు చుట్టినదానికంటే ఎక్కువ తెలుస్తుంది. పడమటి బెర్లిన్ చుట్టూ గోడ మొత్తం పొడవు 155 కిలోమీటర్ల దాకా ఉండేది. అందులో తూర్పు, పడమటి బెర్లిన్‌ల మధ్య నడిచింది 43 కిలోమీటర్లు. అంతా నడవనక్కర్లేదు. ద్వారం దగ్గర నేల కింద స్టేషన్లో ఎస్-బాన్ అనే లోకల్ రైలెక్కి, మూడో స్టేషన్ నోర్డ్‌బాన్‌హోఫ్‌లో దిగండి.

ఆ స్టేషన్‌కే ఒక కథ ఉంది. ఊరు రెండైనప్పుడు కొన్ని రైలు మార్గాలు పడమటి బెర్లిన్‌లో బయలుదేరి, తూర్పు బెర్లిన్ భూమి కిందుగా సాగి, మళ్లీ పడమటి బెర్లిన్‌లో తేలేవి. తూర్పు ప్రభుత్వం తన నేల కింద ఉన్న స్టేషన్లను మూసేసి, పైన మెట్ల దారులకు అడ్డంగా గోడలు కట్టేసింది. పడమటివారి రైళ్లు మసక చీకట్లో ఆ ప్లాట్‌ఫారాల పక్కనుంచి ఆగకుండా నెమ్మదిగా పోయేవి. లోపల సాయుధ కాపలా. జనం వాటిని దయ్యాల స్టేషన్లు అన్నారు. నోర్డ్‌బాన్‌హోఫ్ అలాంటిదే. ఆ సంగతంతా బొమ్మలతో అక్కడే స్టేషన్ గోడల మీద వివరించారు.

పైకి వస్తే బెర్నావర్ వీధి. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఉండండి. ఈ వీధిలో ఒక వైపు ఇళ్లు తూర్పు బెర్లిన్‌కు చెందితే, వాటి గుమ్మం ముందున్న కాలిబాట పడమటి బెర్లిన్‌ది. తలుపు తీసి అడుగు బయట పెడితే దేశం మారుతుంది. ప్రభుత్వం ముందు తలుపులు, కింది కిటికీలు ఇటుకలు పేర్చి మూసేసింది. జనం పై అంతస్తుల కిటికీల్లోంచి దూకారు. కింద పడమటి బెర్లిన్ అగ్నిమాపక దళం దుప్పట్లు పట్టుకుని నిలబడేది. దుప్పటి అందక పోయిన ప్రాణాలున్నాయి. తరవాత ఆ ఇళ్లు ఖాళీ చేయించి కూల్చేశారు. 1964 అక్టోబరులో ఈ వీధి కిందుగా తవ్విన సొరంగంలోంచి 57 మంది తప్పించుకున్నారు. గోడ దగ్గర మొత్తం మీద కనీసం 140 మంది చనిపోయారని చరిత్రకారులు లెక్క తేల్చారు. గోడకూ లోపలి గోడకూ మధ్య ఇసుక పరిచిన పట్టీలో ఒక చర్చి చిక్కుకుపోయింది. దాన్ని 1985లో పేల్చేశారు. ఆ పునాదుల మీద 2000లో మట్టిగోడలతో చిన్న ప్రార్థనామందిరం కట్టారు. దాని చుట్టూ రై అనే ధాన్యం పండిస్తున్నారు. తుపాకి గురి తప్పకుండా గడ్డిపోచ కూడా మొలవనివ్వని నేలలో ఇప్పుడు కోతకు వచ్చే పైరు ఉంటుంది. బంతాట జరిగే జూన్, జూలై నెలల్లోనే వెన్నులు పండుతాయి. ఈ స్మారకం మొత్తం ఉచితం.

ఇక బంతాటకూ గోడకూ ఉన్న చుట్టరికం. నోర్డ్‌బాన్‌హోఫ్ నుంచి అదే రైల్లో ఇంకో రెండు స్టేషన్లు పోతే గెజుండ్‌బ్రున్నెన్ వస్తుంది. 1892లో పుట్టిన హెర్తా క్లబ్బు మైదానం ఒకప్పుడు అక్కడే ఉండేది. జనం దాన్ని ప్లుంపె అనేవారు. బెర్లిన్ యాసలో నీళ్ల పంపు అని అర్థం. మైదానం పడమటి బెర్లిన్‌లో ఉంది, హెర్తా అభిమానుల్లో చాలామంది ఇళ్లు తూర్పున ఉన్నాయి. ఆదివారం ఆటకు నడిచి వచ్చేవాళ్లు 1961 ఆగస్టు తరవాత రాలేకపోయారు. గోడ అక్కడికి కూతవేటు దూరమే. అందుకని ఆట రోజుల్లో కొందరు తూర్పు వైపు గోడకు దగ్గరగా వచ్చి నిలబడేవారట. మైదానంలో కేక లేస్తే గోల్ పడిందని ఇవతల చేతులెత్తేవారట. 1963లో హెర్తా తన ఆటలను దూరాన ఉన్న ఒలింపియా స్టేడియానికి మార్చుకుంది. ఆ కేకలూ వినబడకుండా పోయాయి. తూర్పు అభిమానులకు మిగిలింది రేడియో. పడమటి బెర్లిన్ స్టేషన్లను చాటుగా పెట్టుకుని స్కోర్లు వినేవారు. మన భాష కోసం అవతలి రాష్ట్రం స్టేషన్‌కు ముల్లు తిప్పుకునే మీకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. ప్లుంపె ఇప్పుడు లేదు. 1974లో కూల్చి ఇళ్లు కట్టేశారు.

తూర్పు బెర్లిన్‌లో అప్పుడు రెండు పెద్ద జట్లు. ఒకటి డైనమో, రహస్య పోలీసు మంత్రి ఎరిక్ మీల్కే అండదండలున్న జట్టు. 1979 నుంచి 1988 వరకు వరసగా పదిసార్లు తూర్పు జర్మనీ చాంపియన్. రెఫరీలు దాని వైపు మొగ్గేవారని అప్పట్లో ఊరంతా చెప్పుకునేవారు. రెండోది యూనియన్, కర్మాగారాల్లో పనిచేసేవారి జట్టు, తరచూ ఓడిపోయేది. హెర్తాకు దూరమైన తూర్పువాళ్లలో చాలామంది యూనియన్‌ను కూడా ప్రేమించారు. గోడకు అటూ ఇటూ రెండు జట్ల అభిమానులూ చెలిమి నిలుపుకున్నారు. 1990 జనవరి 27న, గోడ తెరుచుకుని మూడు నెలలు తిరగకముందే, హెర్తా, యూనియన్ ఒలింపియా స్టేడియంలో స్నేహపూర్వక మ్యాచ్ ఆడాయి. చలికాలం, పందెం లేని ఆట, అయినా 50 వేలకు పైగా వచ్చారు. హెర్తా 2–1తో గెలిచింది. ఆ రోజు స్కోరు ఎవరూ పట్టించుకోలేదని ఊహించుకోవచ్చు. ఇప్పుడు ఆ రెండు జట్లూ బద్ధశత్రువుల్లా పోట్లాడుకుంటాయి. ఒక ఊరు మామూలు ఊరు కావడమంటే ఇదేనేమో!

యూనియన్ మైదానం ఊరి తూర్పు కొసన, కోపెనిక్ దగ్గర చెట్ల మధ్య ఉంది. 2008, 2009 సంవత్సరాల్లో డబ్బు చాలకపోతే రెండు వేలకు పైగా అభిమానులు వంతులవారీగా శ్రమదానం చేసి దాన్ని బాగుచేసుకున్నారు. 2014 ప్రపంచ కప్పు వచ్చినప్పుడు ఈ క్లబ్బు ఒక పని చేసింది. మీ ఇంట్లో సోఫా తెచ్చుకోండి, మైదానంలో వేసుకుని పెద్ద తెర మీద ఆట చూద్దాం అంది. వందల సోఫాలు వచ్చాయి, పక్కన దీపాలూ బల్లలూ కూడా పెట్టుకున్నారు. ఆ ఏడు కప్పు జర్మనీదే. వీలుంటే ఒక సాయంత్రం అటు వెళ్లి రండి.

ఇప్పుడు క్రాయిత్స్‌బెర్గ్ పేట. భూగర్భ రైల్లో కొట్‌బుస్సర్ టోర్ స్టేషన్లో దిగితే దుకాణాల బోర్డులు జర్మన్‌లో కంటే టర్కీ భాషలో ఎక్కువ కనబడతాయి. దీనికి కారణం కూడా గోడే. 1961 ఆగస్టులో గోడ లేచేసరికి తూర్పు నుంచి వచ్చే పనివాళ్లు ఆగిపోయారు. అప్పటికే దక్షిణ యూరప్ నుంచి కూలీలను పిలిపించుకుంటున్న పశ్చిమ జర్మనీ, అదే సంవత్సరం అక్టోబరు 30న టర్కీతో కూడా ఒప్పందం రాసుకుంది. వాళ్లను అతిథి కార్మికులన్నారు. రెండేళ్లు పనిచేసి వెళ్లిపోతారనుకున్నారు. వాళ్లు వెళ్లలేదు. యజమానులకు కూడా పని నేర్చిన మనిషిని పంపించి కొత్తవాణ్ణి తెచ్చుకోవడం నష్టమే. క్రాయిత్స్‌బెర్గ్ గోడ వారన ఉన్న పేట కనుక అద్దెలు చవక. అక్కడ స్థిరపడ్డారు, పిల్లలు పుట్టారు, మనవలు పుట్టారు. మంగళ, శుక్రవారాల్లో అక్కడికి దగ్గర్లో మైబాఖ్ కాలువ గట్టున టర్కీ సంత జరుగుతుంది. ఆలివ్ కాయలు, జున్ను, బట్టల తానులు, బేరాలు. మన సంత తెలిసినవారికి అక్కడ బెరుకు ఉండదు.

ఆ పేట పిల్లల్ని ప్రతి టోర్నమెంటుకూ ఎవరో ఒకరు అడిగే ప్రశ్న, ‘నువ్వు ఏ జట్టు వైపు?’ అని. 2008 యూరో సెమీఫైనల్లో జర్మనీ, టర్కీ తలపడినప్పుడు బెర్లిన్‌లో కొన్ని కార్లకు రెండు జెండాలూ కట్టారు. 2018లో టర్కీ మూలాలున్న మెసుత్ ఓజిల్ జర్మనీ జట్టు నుంచి తప్పుకుంటూ, గెలిచినప్పుడు మనవాడిగా, ఓడినప్పుడు పరాయివాడిగా తనను చూస్తున్నారని బాధపడ్డాడు. 2024లో జర్మనీ జట్టు కెప్టెన్ ఇల్కాయ్ గుండోవాన్ కూడా టర్కీ కుటుంబంలో, జర్మనీలోనే పుట్టినవాడు. ఆ టోర్నమెంటు నడుస్తుండగానే, జూన్ 27న, జర్మనీలో కొత్త పౌరసత్వ చట్టం అమలులోకి వచ్చింది. అంతకుముందు జర్మన్ పౌరుడు కావాలంటే టర్కీ పౌరసత్వం వదులుకోవలసి వచ్చేది. కొత్త చట్టం రెండూ ఉంచుకోవచ్చు అంది. జూలై 5న జర్మనీ స్పెయిన్ చేతిలో ఓడింది. మర్నాడు బెర్లిన్‌లో టర్కీ, నెదర్లాండ్స్ క్వార్టర్ ఫైనల్. స్టేడియం టర్కీ సొంతగడ్డలా మోగింది. ముందు గోల్ కొట్టినా చివరికి 1–2తో ఓడిపోయారు. రాజకీయం కూడా చొరబడింది. అంతకుముందు మ్యాచ్‌లో టర్కీ ఆటగాడొకరు గోల్ కొట్టి, అతివాద జాతీయవాదుల గుర్తయిన తోడేలు సైగ చేశాడు. రెండు మ్యాచ్‌ల నిషేధం పడింది. రెండు ప్రభుత్వాలూ మాటలు విసురుకున్నాయి. అలాంటి రోజున బయటివాడు ఎవరి గుంపులోనూ కలిసి తెలియని నినాదాలు, సైగలు చేయకుండా ఉండడం మేలు.

‘మీదే ఊరు’ అని అడిగి, కోలారనో హోసూరనో బరంపురమనో చెబితే, ‘అది కాదు, అసలు ఊరు?’ అని మళ్లీ అడిగేవాళ్లు మీకూ తగిలే ఉంటారు. క్రాయిత్స్‌బెర్గ్ తాతలు ఒప్పందం మీద రైలెక్కి వచ్చినవారు. మన సరిహద్దు తెలుగువారిలో చాలామంది ఎక్కడి నుంచీ రాలేదు, వాళ్లున్న చోటికే గీత వచ్చింది. రెండూ ఒకటి కావు. కానీ ఆ రెండోసారి అడిగే ప్రశ్నకు పిల్లవాడి ముఖంలో కనిపించేది మాత్రం ఒకలాగే ఉంటుంది.

స్టేడియం గురించి రెండు ముక్కలు. హిట్లర్ ప్రభుత్వం 1936 ఒలింపిక్స్ కోసం కట్టించింది. నల్లజాతి అమెరికన్ జెస్సీ ఓవెన్స్ నాలుగు స్వర్ణాలు గెలిచింది అక్కడే. పక్కనున్న రోడ్డుకు ఆయన పేరే పెట్టారు. ఆ ప్రాంగణంలోనే హాకీ మైదానం ఉంది. 1936 ఆగస్టు 15న ధ్యాన్‌చంద్ నాయకత్వంలో మన జట్టు జర్మనీని 8–1తో ఓడించింది. 2024 జూలై 14న ఫైనల్లో స్పెయిన్ 2–1తో ఇంగ్లండ్‌ను గెలిచి నాలుగోసారి కప్పు పట్టుకుపోయింది.

ఖర్చుల సంగతి. అప్పట్లో యూరో మనకు సుమారు 90 రూపాయలు. బెర్లిన్ రైల్వే స్టేషన్లలో అడ్డు గేట్లు ఉండవు, నేరుగా రైలెక్కవచ్చు. అది చూసి మోసపోవద్దు. 2024లో ఒక్కసారి ప్రయాణానికి మూడున్నర యూరోలు. కాగితం టికెట్టు కొన్నాక ప్లాట్‌ఫారం మీది పెట్టెలో ముద్ర వేయించుకోకపోతే అది చెల్లదు. మామూలు బట్టల్లో తనిఖీదారు వస్తాడు, జరిమానా 60 యూరోలు. మ్యాచ్ టికెట్టు ఉన్నవాళ్లకు ఆ రోజు ఉదయం ఆరు నుంచి మర్నాడు సాయంత్రం ఆరు దాకా స్థానిక రైళ్లూ బస్సులూ ఉచితం చేశారు. కుళాయి నీళ్లు నిస్సంకోచంగా తాగవచ్చు, సీసా కొననక్కర్లేదు. కొంటే ప్లాస్టిక్ సీసాకు పావు యూరో అదనంగా పట్టుకుంటారు, ఖాళీ సీసా దుకాణంలో ఇస్తే తిరిగి ఇస్తారు. తిరిగి ఇవ్వడానికి ఓపిక లేనివాళ్లు దాన్ని చెత్తబుట్టలో వేయకుండా పక్కన నిలబెట్టి పోతారు. పేదవాళ్లు, పింఛను చాలని ముసలివాళ్లు ఏరుకుంటారు. తెరల ముందు ఆట ముగిసిన రాత్రుల్లో వాళ్లకు బాగా గిట్టుబాటు. శాకాహారులకు శనగపిండి వడల్లాంటి ఫలాఫెల్ ప్రతి వీధిలోనూ దొరుకుతుంది. ఆదివారం దుకాణాలు మూసేస్తారు, పెద్ద రైల్వే స్టేషన్లో ఉన్నవి తెరిచి ఉంటాయి. బస ఎనిమిదేసి మంది పడుకునే యువజన హాస్టల్ అయితే చవక, కానీ టోర్నమెంటు రోజుల్లో వాటి ధరలూ రెక్కలు కట్టుకుంటాయి. నెలల ముందే మాట్లాడుకోవాలి. జర్మనీకి షెంగెన్ వీసా కావాలి. 2024 జూన్ 11 నుంచి దాని రుసుము 90 యూరోలు అయింది. 30 వేల యూరోలకు తగ్గని వైద్య బీమా చూపించాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అర్జీ పెట్టుకోవచ్చు.

తరవాతి యూరో 2028 వేసవిలో బ్రిటన్, ఐర్లండ్‌లకు ఇచ్చారు. లండన్, కార్డిఫ్, డబ్లిన్, మూడు రాజధానుల్లోనూ ఆటలున్నాయి. షెంగెన్ వీసా ఆ రెండు దేశాల్లోనూ చెల్లదు. వెళ్లదలచినవారు దేని షరతులు దానికి విడిగా కనుక్కుని, పాస్‌పోర్టు గడువు చూసుకుని, ఇప్పటి నుంచే డబ్బు కూడబెట్టుకోవడం మంచిది.